సున్న కోడిగుడ్డయ్యే చోటు: తెలుగు బోర్డుల మీద లావు, వాలు, గుండ్రదనం

క్లుప్తంగా: లావుగా, కుడివైపు వాలి, కొసలు గుండ్రంగా ఉండే అక్షరాలు ఫ్లెక్సీల మీదా దుకాణాల బోర్డుల మీదా విరివిగా కనిపిస్తాయి. ఇంగ్లిష్ లిపిలో ఈ మూడు గుణాలూ పెద్ద ఇబ్బంది లేకుండా కలిసిపోతాయి. తెలుగులో లావుకూ వాలుకూ ఒకే జాగా కావాలి: అక్షరం కడుపులోని ఖాళీ, అక్షరం కింద వత్తులుండే చోటు. అందుకే బటన్ నొక్కి వాల్చిన తెలుగు అక్షరం చెదిరిపోతుంది. మొదటి నుంచీ వాలుగా గీసిన అక్షరం నిలబడుతుంది. అలా గీసిన తెలుగు ఫాంట్లు మాత్రం చాలా అరుదు.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. ఆ రోజుకు చాలా ముందే మూడు లాంతర్ల దగ్గర, గంటస్తంభం చుట్టూ స్వాగతం పలికే ఫ్లెక్సీలు లేస్తాయి. రథసప్తమి వచ్చిందంటే శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి దారి పొడవునా ఇదే సందడి. నాయకుల ఫొటోలు మారతాయి, రంగులు మారతాయి. అక్షరాల తీరు మాత్రం పెద్దగా మారదు. లావుపాటి గీత, కుడికి ఒరిగిన ఒళ్లు, నున్నగా గుండ్రమైన కొసలు, చుట్టూ తెల్లని అంచు, వెనక నీడ.

ఒకే తీరు అక్షరాలు ఒక ఫ్లెక్సీ మీద రోడ్డు అవతలి నుంచే తెలిసిపోతాయి. పక్క ఫ్లెక్సీ మీద దగ్గరికి వెళ్లి చూసినా అది ‘ద’నో ‘ధ’నో తేలదు. ఈ తేడాకు డిజైనర్ అభిరుచి కొంతవరకే కారణం. అసలు కారణం లిపి కట్టుబడిలోనూ, కంప్యూటర్ ఆ లిపిని వంచే పద్ధతిలోనూ ఉంది.

## మూడు గుణాలు, మూడు పుట్టుకలు

ఈ మూడు గుణాలు యూరప్‌లో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. వాలు అన్నిటికంటే పాతది. వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ 1501లో వాలు అక్షరాలతో పుస్తకం అచ్చువేశాడు. అప్పటి పండితుల గబగబా రాతే ఆ అక్షరాలకు మూలం. లావు అక్షరాలు 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో లండన్ గోడ ప్రకటనలతో పెరిగాయి. అక్షరాల చివర అడ్డపు కొసలు లేని శాన్స్ సెరిఫ్ అచ్చు 1816లో విలియం కాస్లాన్ నాలుగో తరం చేతి మీదుగా వచ్చింది. గీతల కొసలు గుండ్రంగా ముగిసే రకాల్లో బాగా పేరుబడ్డది 1979లో ఫోక్స్‌వాగన్ కార్ల కంపెనీ కోసం తయారైన వ్యాగ్ రౌండెడ్.

ఈ మూడూ కలిసిన అక్షరం చదవడం కోసం కాక చూపును లాగడం కోసం తయారయింది. లావు దూరానికి కనబడుతుంది. వాలు కదలికను, తొందరను సూచిస్తుంది. గుండ్రటి కొస మెత్తదనాన్ని ఇస్తుంది. మిఠాయిలు, పిల్లల బట్టలు, ఐస్‌క్రీములు, డిస్కౌంట్ మేళాలు ఈ అక్షరాలనే ఎంచుకోవడం వెనక కారణమిదే. ఒక పేరా నిండా ఇవే ఉంటే ఎవరూ చదవలేరు. నాలుగైదు మాటల శీర్షిక వరకే వీటి సత్తా.

ఇంగ్లిష్‌లో ఇటాలిక్‌కు, అంటే ఈ వాలు అక్షరానికి, మరో పని కూడా ఉంది. పుస్తకం పేరు చెప్పాలన్నా, ఒక మాటను నొక్కి పలికించాలన్నా దాన్ని వాడతారు. తెలుగు అచ్చులో ఆ అలవాటు పెద్దగా లేదు. నొక్కి చెప్పాలంటే లావు చేస్తారు, కొటేషన్లలో పెడతారు, సైజు పెంచుతారు, రంగు మారుస్తారు. తెలుగులో వేగపు రాత లేదని దీని అర్థం కాదు. కరణాల లెక్కల్లో, పాత దస్తావేజుల్లో కనిపించే గొలుసుకట్టు రాత అచ్చంగా అదే. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరంతో పెనవేసుకుంటూ పోయే ఆ రాత అచ్చు అక్షరంగా మారలేదు. దాంతో తెలుగులో ఇటాలిక్ ఒక రాత సంప్రదాయం నుంచి రాలేదు, సాఫ్ట్‌వేర్‌లోని ఒక బటన్‌గా వచ్చింది. తర్వాతి చిక్కులకు మూలం ఇక్కడుంది.

## గుండ్రదనం ముందే ఉన్న లిపి

ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో నిలువు గీతలు, అడ్డగీతలు, మూలలు ఎక్కువ. వాటి కొసలను గుండ్రం చేస్తే అక్షరం స్వభావమే మారినట్టు కనిపిస్తుంది. తెలుగు అక్షరంలో అలా మార్చడానికి మూలలే తక్కువ. గంటంతో తాటాకు మీద గీసేటప్పుడు ఈనె వెంబడి తిన్నటి గీత లాగితే ఆకు చీలే ప్రమాదం ఉంది కాబట్టి దక్షిణాది లిపులు వంపులు తిరిగాయన్నది ప్రచారంలో ఉన్న వివరణ. కారణం ఏదైనా, ఫలితం కళ్ల ముందుంది: తెలుగు అక్షరాల్లో ఎక్కువ భాగం పూర్తి వృత్తాలో, తెగిన వృత్తాలో.

కాబట్టి కొసలు గుండ్రం చేసినా తెలుగు అక్షరానికి వచ్చే మార్పు కొంచెమే. తలకట్టు చివర, ఒత్తు గీత (‘ధ’, ‘ఛ’ల అడుగున ఉండే చిన్న గీత) రెండు కొసలు, ‘త’, ‘క’ల తోకలు మెత్తబడతాయి, అంతే. మిగతా ప్రభావమంతా లావు నుంచీ వాలు నుంచీ రావాలి. అందుకే తెలుగు డిజైనర్లు ఆ రెండింటినీ ఇంగ్లిష్‌లో కంటే ఎక్కువ మోతాదులో వాడతారు. చిక్కు కూడా ఆ మోతాదులోనే మొదలవుతుంది.

## వాల్చితే ఏమవుతుంది

ఫాంట్‌లో ఇటాలిక్ రూపం లేకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే పక్కకు నెడుతుంది. అక్షరం నిలబడే గీత కదలదు. దానికి పైనున్న ప్రతి బిందువూ ఎత్తును బట్టి కుడికి జరుగుతుంది, కిందున్నది లోతును బట్టి ఎడమకు జరుగుతుంది. వెబ్ ప్రమాణాల్లో ఈ వాలు ఇప్పుడు 14 డిగ్రీలు. అంటే ప్రతి 4 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 1 సెంటీమీటర్ జరుగుతుంది.

ఇంగ్లిష్‌లో ‘హెచ్’ వంటి అక్షరం దీన్ని తట్టుకుంటుంది. నిలువు గీత ఒరుగుతుంది, మందం మూడు శాతం మేరకు తగ్గుతుంది, కంటికి ఆనదు. వృత్తం సంగతి వేరు. అదే 14 డిగ్రీలకు వృత్తం ఒక మూలగా 13 శాతం సాగి, దానికి అడ్డంగా 12 శాతం నలుగుతుంది. సున్న కోడిగుడ్డవుతుంది, అదీ పక్కకు ఒరిగిన కోడిగుడ్డు. సున్న అంచు గీత కూడా అంతటా ఒకే మందంగా ఉండదు. కుడి పైభాగంలో, ఎడమ అడుగున ఉబ్బుతుంది. ఎడమ పైభాగంలో, కుడి అడుగున పలచబడుతుంది. మందంగా ఉన్నచోటికీ పలచబడ్డచోటికీ తేడా పాతిక శాతం దాటుతుంది. గీత అంతటా ఒకే మందంగా కనబడాలన్న ఈ రకం అక్షరాల పద్ధతే అక్కడ తప్పింది.

ఇంగ్లిష్ వాక్యంలో ఇలాంటి వృత్తాలు అక్కడక్కడా వస్తాయి. తెలుగు వాక్యంలో దాదాపు ప్రతి అక్షరం ఇదే. ‘శ్రీకాకుళం’, ‘విజయనగరం’, ‘పార్వతీపురం’, ‘రాజాం’ అన్నీ సున్నతోనే ముగుస్తాయి. ఊరి పేరు చివర కోడిగుడ్డు పడితే పేరంతా కుడికి ఒరిగి పడబోతున్నట్టు ఉంటుంది. నిలువు గీతల ఆసరా లేకపోవడంతో ఆ ఒరుగుడు ఇంకా ఎక్కువగా కనబడుతుంది.

తలకట్టు మరో సంగతి. అది ముందే కుడికి లేచిన గీత. 45 డిగ్రీల కోణంలో ఉన్న గీతను ఇదే మోతాదులో నెడితే అది 39 డిగ్రీలకు దిగుతుంది, పొడవూ పెరుగుతుంది. పక్క అక్షరం గుడి మీదికి చేరుతుంది. సున్న లెక్క ప్రకారం గీత ఉబ్బేది కూడా కుడి పైభాగంలోనే. తలకట్టు పైకి లేచే వైపే మందం పోగవడంతో ఆ చోట రంగు ముద్దకడుతుంది.

ఇక వత్తులు. పది సెంటీమీటర్ల అక్షరం కింద అయిదు సెంటీమీటర్ల లోతున ఉన్న వత్తు 1.25 సెంటీమీటర్లు ఎడమకు పోతుంది. అదే సమయంలో పన్నెండు సెంటీమీటర్ల ఎత్తున ఉన్న తలకట్టు కొస 3 సెంటీమీటర్లు కుడికి పోతుంది. వాలు గీత వెంబడి చూస్తే రెండూ సరైన చోటే ఉన్నాయి. కానీ చదివే కన్ను వత్తును నేరుగా పైనున్న అక్షరంతో కలుపుకుంటుంది. ‘అరసవల్లి’లో ల వత్తు ‘వ’ వైపు జరిగితే ఒక క్షణం తడబాటు తప్పదు. ‘శ్రీ’లోని క్రారవడి (ర వత్తు) అసలే అక్షరాన్ని ఎడమ నుంచి చుట్టుకొని ఉంటుంది. వాలితే అది ఇంకా ఎడమకు పొడుచుకొస్తుంది. ‘శ్రీకాకుళం’ మాట బ్యానర్ ఎడమ అంచు నుంచి మొదలైతే, క్రారవడి కొస మడతలోకో ఫ్రేము కిందికో పోవడం వింతేమీ కాదు.

విజయనగరానికి ఈ బాధ లేదు. ఆ పేరులో ఒక్క వత్తూ లేదు. ఉత్తరాంధ్ర ఊళ్లలో వాలు అక్షరానికి ఇలా అనువైన పేర్లు ఇంకా ఉన్నాయి. పలాస, సాలూరు, పాలకొండ, ఆమదాలవలస ఆ కోవలోవే. బొబ్బిలి, టెక్కలి, నెల్లిమర్ల, ఎచ్చెర్ల మధ్యరకం. అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఇచ్ఛాపురం: ‘చ’ కింద ‘ఛ’ వత్తు, ఆ చిన్న వత్తు అడుగున మళ్లీ ఒత్తు గీత. లావు, వాలు రెండూ కలిసిన అక్షరాల్లో ఈ పేరు చక్కగా నిలిచిందంటే, ఆ ఫాంట్ ఎక్కడైనా నిలుస్తుందని ధైర్యంగా చెప్పొచ్చు. ఇదే ఊరి బోర్డుల మీద ఒడియా కూడా కనిపిస్తుంది. ఆ లిపి తలల మీద గొడుగులాంటి వంపులు ఉంటాయి కనుక వాలితే దానికీ ఇదే గతి.

## లావు చేస్తే ఏమవుతుంది

లావు పెరిగేకొద్దీ లోపలి ఖాళీ తరుగుతుంది. తెలుగులో అర్థాన్ని మోసేది చాలాచోట్ల ఆ ఖాళీయే. ‘ప’, ‘ఫ’, ‘ష’, ‘స’, ‘హ’లకు తలకట్టు అక్షరం ఒంటికి అంటదు. మధ్యలో సన్నని సందు ఉంటుంది. ఆ సందు మూసుకుపోతే ‘ప’కూ ‘వ’కూ మధ్య తేడా కరిగిపోవడం మొదలవుతుంది. ‘థ’ కడుపులోని చుక్క అంచుకు అంటుకుంటే అది ‘ధ’గా కనిపిస్తుంది. ‘ధ’ కింది ఒత్తు అక్షరంలో కలిసిపోతే మిగిలేది ‘ద’.

మంచి డిజైనర్ ఇక్కడ రాజీ పడతాడు. లోపలి గీతలను బయటి గీతల కంటే సన్నగా గీస్తాడు. అక్షరాన్ని కాస్త వెడల్పు చేస్తాడు. చుక్కను చిన్నది చేస్తాడు, ఒత్తును కొంచెం కిందికి దించుతాడు. చూసేవారికి అక్షరమంతా ఒకే మందంగా ఉన్నట్టు అనిపిస్తుంది, కొలిస్తే మాత్రం ఎక్కడికక్కడ వేరు. ఈ ఓపికకు సాఫ్ట్‌వేర్ బటన్ ప్రత్యామ్నాయం కాదు.

ఎత్తు లెక్క కూడా తెలుగుకు ప్రతికూలమే. ఒకే పట్టీలో ఇంగ్లిష్ పెద్ద అక్షరం పట్టీ ఎత్తంతా వాడుకుంటుంది. తెలుగుకు పైన గుడి, కింద వత్తు పట్టాలి కాబట్టి అక్షరం ఒంటికి మిగిలేది సగానికి అటూఇటూ. ప్రతి 3 మీటర్ల దూరానికి అక్షరం 2.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్నది బోర్డులు చేసేవారి మోటు లెక్క. దాని ప్రకారం 90 సెంటీమీటర్ల పట్టీలో ఇంగ్లిష్ వంద మీటర్ల పైనుంచి హాయిగా కనబడుతుంది. 45 సెంటీమీటర్ల ఒళ్లు మిగిలిన తెలుగు 54 మీటర్ల దగ్గరికి వస్తేనే అంత హాయిగా కనబడుతుంది. నరసన్నపేట, టెక్కలి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి ఆ 54 మీటర్లు దాటడానికి రెండున్నర సెకన్లు కూడా పట్టదు. మూసుకుపోయిన ‘ప’ను పోల్చుకోవడానికి అది చాలదు.

## డిటిపి సెంటర్‌లో జరిగేది

పండగ సీజన్‌లో ఫ్లెక్సీ ఆర్డర్ పొద్దున వచ్చి సాయంత్రానికి కట్టాల్సి ఉంటుంది. అక్కడ వాడుకలో ఉన్న పద్ధతి తేలికైనది. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లు) ఒకటి ఎంచుకుంటారు. కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇటాలిక్ నొక్కుతారు, లేదా చేత్తో పక్కకు లాగుతారు. అక్షరం చుట్టూ అదే రంగులో అవుట్‌లైన్ ఇచ్చి, మూలలు గుండ్రంగా ఉండే ఆప్షన్ పెడతారు. ఏ ఫాంటైనా క్షణాల్లో లావుగా, వాలుగా, గుండ్రంగా మారిపోతుంది. అలా చూస్తే ఊళ్లలో కనిపించే ఈ రకం అక్షరాల్లో చాలావాటికి సొంత ఫాంటంటూ ఉండదు. అవి మూడు ఆదేశాల ఫలితం.

ఈ దారిలో దాగిన లోపం అవుట్‌లైన్‌ది. అది గీతకు రెండు వైపులా పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల అవుట్‌లైన్ ఇస్తే బయటికి 3, లోపలికి 3. ‘థ’ కడుపులోని ఖాళీ వ్యాసం 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది, లోపలి చుక్క వ్యాసం 6 పెరుగుతుంది. రెండు వైపుల నుంచీ నొక్కుకుపోతుంది. పాత ఫాంట్లలో అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా, అంటే ఒళ్లు ఒకటి, తలకట్టు ఒకటి, వత్తు ఒకటిగా పేర్చే పద్ధతి ఉంది. వేరే రంగు అవుట్‌లైన్ ఇచ్చినప్పుడు ఆ అతుకులు బయటపడతాయి. పెద్ద ఫ్లెక్సీ మీద తలకట్టు మొదట్లో ఒక అడ్డగీత కనిపిస్తే అది ముద్రణ తప్పు కాదు, అతుకు.

ఈ పద్ధతికి కంప్యూటర్ మీద పనిచేసేవారిని తప్పుపట్టడం న్యాయం కాదు. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లు యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌లో వాడే ఉమ్మడి అక్షర సంకేతాలు) తెలుగు వత్తులను సరిగ్గా పేర్చేవి కావు. ఏళ్ల తరబడి చేతికి పట్టుబడిన కీబోర్డు అను కీబోర్డు. కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉండగా కొత్త ఫాంట్‌తో ప్రయోగాలు కుదరవు.

గుండ్రటి లావు అక్షరం మీద మోజుకు గట్టి సాంకేతిక కారణం కూడా ఉంది. ఏసీపీ షీటు (బోర్డులకు వాడే అల్యూమినియం పలక) మీద అతికించే అక్రిలిక్ అక్షరాలను కోసే రౌటర్ యంత్రపు బిట్ గుండ్రంగా ఉంటుంది. లోపలి మూలను అది పదునుగా కోయలేదు. గుండ్రటి అక్షరానికి ఆ ఇబ్బంది తక్కువ. స్టిక్కర్ కటింగ్‌లో పదునైన కొసలే ముందు లేస్తాయి, గుండ్రటి కొస అతుక్కుని ఉంటుంది. లోపల ఎల్ఈడీ పెట్టే అక్షరాలకు గీత వెడల్పు కావాలి. ఇవన్నీ ఈ రూపానికి అనుకూలం. ఒత్తు మాత్రం ఇక్కడా బలహీనమే. కోసేటప్పుడు అది విడి ముక్క, విడిగా అతికించాలి. గాలివానకు అది ఊడితే ‘ధాన్యం’ ‘దాన్యం’ అయిపోతుంది.

## ఉన్న ఫాంట్లు, లేని ఫాంటు

అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో రెండింటికి ఈ నేల మనుషుల పేర్లే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పేరిట ‘గిడుగు’, విజయనగరంలో జీవితం గడిపిన గురజాడ అప్పారావు పేరిట ‘గురజాడ’. జనం మాట్లాడే భాష అచ్చులోకి రావాలని పోరాడినవారి పేర్లు అక్షరాలకు పెట్టడం సముచితం. అదే వరుసలో ‘రామభద్ర’ శీర్షికలకు పనికొచ్చే లావు ఫాంటు. ఈ మూడూ ఒక్కో రూపంలోనే దొరుకుతాయి. సన్నం, లావు, వాలు అనే విడి రూపాలు లేవు.

లావుకూ గుండ్రదనానికీ దగ్గరగా వచ్చింది ముంబై ఏక్ టైప్ సంస్థ చేసిన ‘బాలూ తమ్ముడు’. దాని రెండో రూపంలో అయిదు మందాలు ఉన్నాయి. బాగా లావు రూపంలో కూడా కడుపు ఖాళీలు మూసుకుపోకుండా గీశారు. దీనికీ ఇటాలిక్ లేదు. గూగుల్ వారి నోటో శాన్స్ తెలుగుకూ లేదు. ‘టైరో తెలుగు’కు ఇటాలిక్ ఉంది కానీ అది పుస్తకాల కోసం చేసిన సంప్రదాయ అక్షరం, బోర్డుల కోసం కాదు. లావు, వాలు, గుండ్రదనం మూడూ కలిసిన జాగా దాదాపు ఖాళీగానే ఉంది.

ఆ ఖాళీకి మొదటి కారణం శ్రమ. ఇంగ్లిష్ శీర్షికల ఫాంటుకు రెండు వందల రూపాలతో పని జరుగుతుంది. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు కలిపి అంతకు కొన్ని రెట్లు గీయాలి. ఇటాలిక్ అంటే ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి. రెండో కారణం డబ్బు. బటన్ నొక్కితే ఉచితంగా వచ్చేదానికి డబ్బు పెట్టేవారు తక్కువ.

చేస్తే ఎలా చేయాలన్నది మాత్రం పై లెక్కల్లోనే ఉంది. వాలు 14 డిగ్రీలు అక్కర్లేదు. వృత్తాల లిపిలో 6 నుంచి 8 డిగ్రీలకే ఒరుగుడు బాగా తెలుస్తుంది. వాలుకు ఇరుసును అడుగు గీత దగ్గర కాక అక్షరం నడుము దగ్గర పెట్టాలి, అప్పుడు తలకట్టు కుడికి జరిగే దూరం తగ్గుతుంది. వత్తు ఎడమకు అదే మేరకు ఎక్కువ జరుగుతుంది కాబట్టి వత్తులను విడిగా తీసుకుని కుడికి సర్దాలి. ఉబ్బిన, పలచబడ్డ గీతలను చేత్తో సరిచేయాలి. తలకట్టును మిగతా ఒంటి కంటే తక్కువ వాల్చాలి. వత్తుల సర్దుబాటుకు కావలసిన వెసులుబాటు ఓపెన్‌టైప్ అనే ఇప్పటి ఫాంటు పద్ధతిలో ఇప్పటికే ఉంది.

2016లో వచ్చిన వేరియబుల్ ఫాంట్ల పద్ధతిలో మందానికి ఒకటి, వాలుకు ఒకటి చొప్పున ఒకే ఫైలులో జారుడు మీటలు పెట్టొచ్చు. వాలు మీటను 8 డిగ్రీల దగ్గర ఆపేస్తే, ఆ మీట వాడినంతవరకు అక్షరం అంతకు మించి ఒరగదు. బాలూ తమ్ముడు వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. మార్చుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు. మార్చిన ఫాంటును అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, పాత పేరును ప్రత్యేకంగా దాచుకుని ఉంటే కొత్త పేరు పెట్టాలి. పునాది గీతలు సిద్ధంగా ఉన్నందున వాలు రూపం చేయడానికి సున్న నుంచి మొదలుపెట్టే పని లేదు.

అలాంటి ఫాంటు వచ్చేదాకా డిటిపి సెంటర్లలో అందుబాటులో ఉన్న సర్దుబాట్లు కొన్ని ఉన్నాయి. ఇటాలిక్ బటన్ బదులు చేత్తో 7 డిగ్రీలు మాత్రమే వాల్చడం. అవుట్‌లైన్ బదులు ముందే లావుగా గీసిన ఫాంటు ఎంచుకోవడం. వాల్చిన తర్వాత వత్తులను విడదీసి కుడికి జరపడం. ఊరి పేరులో వత్తు మీద వత్తు ఉంటే ఆ పేరును నిటారుగానే ఉంచి, పక్కనున్న ‘స్వాగతం’ ఒక్కదాన్నే వాల్చడం.